4.43 శాతం ఎవరి లెక్క?

నల్లగొండ జిల్లా టీచర్ల గ్రూపుల్లో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. మొన్న ఒక పెళ్లిలో కూడా పక్కన కూర్చున్నాయన ఫోన్ తీసి అదే చదివి వినిపించాడు. అందులో ఉన్నది ఇది: "దేశం చదువు మీద జీడీపీలో 4.43 శాతం ఖర్చు పెడుతోంది. 2.9 అనేవాళ్లవన్నీ అబద్ధాలు. 6 శాతం లక్ష్యానికి దగ్గరికొచ్చాం. మన రాష్ట్రం ఒక్క ఏడాదిలోనే 23,108 కోట్లు ఖర్చు చేసింది. డబ్బుకు కొదవ లేదు, సార్లు పని చెయ్యకపోవడమే జబ్బు."

నేను దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. డీడీఓగా, అంటే బడి డబ్బు డ్రా చేసి చెల్లించే అధికారిగా, ఏళ్ల తరబడి బిల్లుల మీద సంతకాలు పెట్టినవాణ్ణి. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

మొదట 4.43 సంగతి. అది కల్పించిన అంకె కాదు. 2020 జాతీయ విద్యా విధానం పత్రంలోనే ఉంది. కేంద్ర విద్యాశాఖ వేసే బడ్జెట్ విశ్లేషణ నుంచి తీసుకున్న 2017-18 నాటి లెక్క అది. విద్యాశాఖల ఖర్చుతో పాటు మిగతా శాఖలు చదువుకు, శిక్షణకు పెట్టేది కూడా అందులో కలుపుతారు. అలాగని 2.9 అబద్ధమూ కాదు. కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటు ముందు పెట్టే ఆర్థిక సర్వేల్లో కొన్నేళ్లుగా కనిపిస్తున్నది 2.8, 2.9 దగ్గరే. అక్కడ విద్య, క్రీడలు, కళలు, సంస్కృతి అనే పద్దు కింద కేంద్రం, రాష్ట్రాలు చూపిన ఖర్చునే లెక్కలోకి తీసుకుంటారు. రెండూ ప్రభుత్వ లెక్కలే. ఏ పద్దులు కలిపారు అన్నదే తేడా.

ఇంకో విషయం చాలామంది గమనించలేదు. విద్యా విధానం పత్రంలో 4.43 ఉన్న వాక్యంలోనే, ప్రభుత్వాల మొత్తం ఖర్చులో చదువుకు వెళ్తున్నది సుమారు 10 శాతమే అని కూడా ఉంది. ఆ 10 శాతం ఆర్థిక సర్వే నుంచి తెచ్చింది. కేంద్రం, రాష్ట్రాలు కలిపి పెట్టే మొత్తం ఖర్చు జీడీపీలో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో పదో వంతు అంటే జీడీపీలో రెండున్నర శాతం పైచిలుకు. మరి 4.43 ఎక్కడ, ఇది ఎక్కడ? రెండు వేరు వేరు లెక్కలను ఒకే వాక్యంలో కలిపేశారు. దేశానికి దారి చూపే పత్రంలో ఇలా జరగడం నాకు నిజంగా బాధ కలిగించింది.

6 శాతానికి దగ్గరికొచ్చామన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. 1964-66 నాటి కొఠారి కమిషన్, 1986 కల్లా జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఇవ్వాలంది. 2020లోనూ మళ్లీ అదే 6 శాతం రాసుకున్నాం. ఇతర శాఖల పద్దులు కలుపుకుంటే అంకె పెరుగుతుంది, బడిలో ఒక్క గది కూడా పెరగదు.

ఇక మన రాష్ట్రం 23,108 కోట్లు ఖర్చు చేసిందట. అది 2025-26 బడ్జెట్‌లో చూపిన కేటాయింపు. మొత్తం 3,04,965 కోట్లలో ఏడున్నర శాతం. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని మూడు దశలుంటాయి. మొదటిది చదివి మూడోది అయిపోయిందనడం పొరపాటు. ట్రెజరీలో బిల్లు పెట్టి, టోకెన్ నంబరు తెచ్చుకుని, నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఈ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు.

మా బడి సంగతే చెబుతాను. 186 మంది పిల్లలు. బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల ప్రకారం 101 నుంచి 250 మంది ఉన్న బడికి ఏడాదికి 50,000 రూపాయల గ్రాంటు రావాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరమ్మతులు అన్నీ అందులోనే. ఒక ఏడాది ఆ గ్రాంటు లిమిట్, అంటే మేం వాడుకోగల మొత్తం, మార్చి చివరి వారంలో మా ఖాతాలో కనిపించింది. బిల్లులు సిద్ధం చేసేలోపే వెనక్కి పోయింది. బాత్రూం తలుపులకు నేను, ఇద్దరు టీచర్లు కలిసి చేతి డబ్బు వేసుకున్నాం. విడుదలైన డబ్బునే ఖర్చుగా రాసుకుంటే, కాగితం మీద ఆ 50,000 మా పిల్లలకు అందినట్టే.

రాష్ట్రం పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. ఏడున్నర శాతంలో రాని ఖర్చు కూడా ఉంది. ఉమ్మడి నల్లగొండలో 1971లో మొదలైన సర్వేల్ గురుకులం విద్యాశాఖ సొసైటీ కిందిది, దాని ఖర్చు విద్యాశాఖ పద్దులోనే వస్తుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల డబ్బు మాత్రం ఎస్సీ అభివృద్ధి శాఖ పద్దులో ఉంటుంది. బీసీ, ఎస్టీ, మైనారిటీ గురుకులాలదీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌దీ ఇదే దారి. వీటిని కలిపి చూడటం న్యాయమే. కానీ వేరే రాష్ట్రంతో పోల్చేటప్పుడు వాళ్లవీ అలాగే కలపాలి.

సార్లు పని చెయ్యడం లేదన్న నింద గురించి ఒక్క మాటే. పని చెయ్యనివాళ్లు ఉన్నారు, వాళ్లను అడగండి. అంతమాత్రాన రాని గ్రాంటు వచ్చినట్టు కాదు.

ఇప్పుడు బడులు నడుపుతున్న హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. ప్రతి బడి ఏటా తన వివరాలు నింపి ఇచ్చే యూడైస్ ఫారంలో వచ్చిన గ్రాంటు, ఖర్చయిన గ్రాంటు అని రెండు గడులుంటాయి. పైనుంచి ఎంత టెన్షన్ పెట్టినా, పోయిన ఏడాది అంకె చూసి నింపకండి. క్యాష్‌బుక్ తెరిచి చూసి రాయండి. ఆ ఏడాది నేను ఖర్చు గడిలో సున్నా రాశాను. ఎందుకని ఫోన్లు వచ్చాయి. సున్నాను మార్చలేదు.