ఆయనకు కత్తి, నాకు చీపురు

జర్మనీలోని బ్రెమెన్‌లో ఒక ఆచారం ఉంది. 30 ఏళ్లు నిండినా పెళ్లికాని మగవాడు పుట్టినరోజున సెయింట్ పెట్రి డోమ్ అనే పెద్ద చర్చి మెట్లు ఊడవాలి. కన్నెపిల్ల ఎవరైనా వచ్చి ముద్దు పెట్టేదాకా చీపురు వదలకూడదు. ఆడవాళ్లకైతే తలుపుల పిడులు తోమే పని. ఈ సంగతి నాకు ముందు ఎవరు చెప్పారు గనక? ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు "శనివారం సాయంత్రం చిన్న విందు" అని మాత్రమే అన్నాడు. అమ్మ పంపిన పట్టు చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్లాను.

పావుగంటలో ఆ చొక్కా మీద వెనక తోక వేలాడే నల్లకోటు, నెత్తిన పొడుగు టోపీ, నా ముందు బస్తాడు సీసా మూతలు.

మెట్లకు ఎదురుగా మార్కెట్ కూడలిలో రోలాండ్ అనే పాతకాలపు వీరుడి రాతి విగ్రహం ఉంది. 1404 నుంచి కత్తి పట్టుకుని చర్చి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన పెళ్లి గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ ఆరా తీసిన పాపాన పోలేదు.

ఇక ఆ చీపురు. కర్రను మూరెడుకు కోసేశారు, నేను నడుం వంచాలని. కుచ్చు మెత్తగా, పిల్లి తోకలా ఉంది. సీసా మూతకు చుట్టూ పళ్లుంటాయి కదా, రాతి సందులో ఇరుక్కుంటే అది కదలదు. అక్కడికి కావలసింది కొబ్బరి ఈనెల చీపురు. దాని మొదలును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బిగించి, ఏటవాలుగా ఒక్క విసురు విసిరితే మూత కాదు, మెట్టే లేస్తుంది. ఇంత పెద్ద పారిశ్రామిక దేశంలో ఒక్క ఈనెల చీపురు దొరకదు! అయినా పట్టుదలగా పై మెట్టు శుభ్రం చేశాను. మిత్రుడు చప్పట్లు కొట్టి, రెండో బస్తా అక్కడే కుమ్మరించాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్. ఎత్తింది నేను కాదు, మిత్రుడు.

"ఎవరి వాకిలి ఊడుస్తున్నావురా? ఉద్యోగం పోయిందా?"

విషయం చెప్పాను, ముద్దు సంగతి మింగేసి. అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఎంత మంచి ఆచారం నాన్నా! మన దగ్గరా పెట్టాలి. ఇంకా ఆ మూల ఉన్నాయి చూడు." తరువాత ఆవిడ తెలుగులో, అతను జర్మన్‌లో నా పెళ్లి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు, అభిప్రాయభేదం మాత్రం ఎక్కడా రాలేదు. ఆవిడ చెయ్యి చూపించిన చోటల్లా అతను మూతలు చల్లాడు.

చివరికి దారిన పోతున్న ఒక అమ్మాయి ఆగింది. జాలి పడిందనుకునేరు, మెట్లకు అడ్డంగా ఉన్నానని విసుగు. బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి, ట్రాము అందుకోవడానికి పరుగెత్తింది.

ఫోన్‌లో కాసేపు మాట లేదు. ఆ తరువాత, "ఆ పిల్ల పేరేమిటి? వాళ్ల నాన్న ఏం చేస్తారు?"

పుట్టినరోజు ఎవరిదో ఖర్చు వాళ్లదేనట. అందరి బీరు, భోజనం బిల్లు నేనే కట్టాను. కోటు అద్దె కూడా పంపమని పొద్దున్నే సందేశం పెట్టాడు ఆ మహానుభావుడు. పంపను.