ఆకుపచ్చ చీటీ గారికి, తిరుపతి నుంచి

విదేశీ పార్సిల్ మీద అంటుకుని, లోపలి సరుకేమిటో, విలువెంతో కస్టమ్స్ వాళ్లకు చెప్పే మహారాజశ్రీ సీఎన్ 22 చీటీ గారికి, తిరుపతి 517501లో విదేశీ పార్సిళ్ల కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మా పార్సిల్ చెన్నైలో క్షేమమని ట్రాకింగ్ చెబుతోంది.

పార్సిల్ ఆలస్యమైతే ఊరంతా కస్టమ్స్ వాళ్లను తిడుతుంది. తిట్టాల్సింది మిమ్మల్నని ఎవరికీ తట్టదు. చూస్తే అరచేయంత లేరు. కవరు మూలన అంటుకుని, ఏమీ ఎరగనట్టు దేశాలు దాటి వస్తారు. 2 కిలోల లోపు ప్యాకెట్, 300 ఎస్‌డీఆర్‌ల లోపు సరుకు అయితే పెత్తనమంతా మీదే. అంతకు మించితే మీ పెద్దన్న సీఎన్ 23 దిగుతాడు. ఈ ఎస్‌డీఆర్ ఏ దేశపు డబ్బో గాంధీ రోడ్డు అంగళ్లలో అడిగి లాభం లేదు. డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండు కలిపి అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కట్టిన లెక్క అది, చిల్లర దొరకదు.

చెన్నైలోని ఫారిన్ పోస్టాఫీసులో సంచులు విప్పి ప్యాకెట్లను ఎక్స్‌రేలోకి పంపేటప్పుడు, తెర మీది బొమ్మను పోల్చి చూసేది మీ మీది రాతతోనే. మీరేమో 'ప్లాస్టిక్ సామాను' అంటారు. తెర మీద కెమెరా లెన్సు గుండ్రంగా కనబడతా ఉంటుంది. ఇక విప్పక చస్తారా? తపాలా సిబ్బంది టేపు కోస్తారు, కస్టమ్స్ అధికారి చూస్తారు, మళ్లీ టేపు చుడతారు. అధికారికంగా తెరవవచ్చునని మీ నెత్తినే అచ్చేసి ఉంటుంది గనక మేం నోరెత్తడానికీ లేదు.

మీలో 'కానుక' అని ఒక గడి ఉంది చూడండి, దాని సంగతి మరీ అన్యాయం. అమ్మినవాడు ఉదారంగా అక్కడ టిక్కు పెడతాడు, సుంకం తప్పుతుందని. 2019 డిసెంబరు నుంచి మన దేశానికి పోస్టులో, కొరియర్‌లో వచ్చినవాటిని సుంకం లేకుండా కానుకగా విడిపించుకోవడమే నిషేధం. ప్రాణాధార మందులకూ రాఖీకీ మాత్రం మినహాయింపు. అదీ ఒట్టి రాఖీకే, దాంతోపాటు అక్కయ్య పెట్టిన వాచీకి కాదు. అంటే సుంకం కట్టి హాయిగా తెచ్చుకోదగ్గ చొక్కాను, ఒక్క టిక్కుతో మీరు నిషిద్ధ వస్తువుల పక్కన కూర్చోబెట్టారు.

ఇక విలువ గడి. రెండు వేల రూపాయల వస్తువుకు రెండు డాలర్లని రాయించుకుని వస్తారు. లెక్కకొచ్చే సుంకం ₹100 గానీ అంతకు తక్కువ గానీ అయితే కస్టమ్స్ చట్టం 25(6) ప్రకారం వసూలు చేయరు. ఆ సందులో దూరిపోవాలని మీ ఆశ. అధికారి అదే వస్తువు ధర ఫోనులో చూసుకోవడానికి ఎంతసేపు? మీ అంకె మీద అనుమానం వస్తే, 2007 నాటి విలువ నిర్ధారణ నిబంధనల్లో 12వది దాన్ని పక్కన పెట్టే అధికారం ఇస్తుంది. అప్పుడు మాకు మెమో వస్తుంది: ఇన్‌వాయిస్, డబ్బు కట్టిన రుజువు, గుర్తింపు కార్డు పంపండి అని. డబ్బు కట్టింది బావగారి కార్డుతో అయితే ఆ కథ వేరే.

నిజం రాసుంటే పడేదెంత? వస్తువు ₹2,000. రవాణా ఖర్చు తేలకపోతే ధరలో 20%, అంటే ₹400. బీమా తేలకపోతే 1.125%, ₹22.50. వెరసి ₹2,422.50. దీని మీద కస్టమ్స్ సుంకం. రేటు వస్తువును బట్టీ బడ్జెట్‌ను బట్టీ మారుతుంది, లెక్కకు 10% అనుకుందాం: ₹242.25. ఆ సుంకంలో 10% సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, ₹24.23. ఇవన్నీ కూడిన మొత్తం మీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్‌టీ, 18% అనుకుంటే ₹484. అంతా కలిపి ₹750 దాకా, పోస్టాఫీసు చార్జీ అదనం. ఏడ్చుకుంటూనైనా గడపలో పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టేస్తాం. అబద్ధం బయటపడి సరుకు జప్తు దాకా పోతే కస్టమ్స్ చట్టం 125వ సెక్షన్ కింద విడిపించుకునే జరిమానా, 112 కింద పెనాల్టీ. సుంకం ఎటూ పోదు.

పేరు విషయమూ కాస్త చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, షాపింగ్ సైటులో చివరికి పోతుంది, మీ దగ్గరికి వచ్చేసరికి ఒట్టి 'వెంకటేశ్వర్లు' మిగులుతాడు. తిరుపతిలో వెంకటేశ్వర్లు ఎవరని అడగడం ఏం న్యాయమప్పా? గుర్తింపు కార్డులో ఉన్నట్టే పూర్తి పేరు, పిన్‌కోడ్, పదంకెల ఫోన్ నంబరు ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ట్రాకింగ్‌లో 'కస్టమ్స్ వద్ద ఉంది' అని పడగానే పట్టుకుపోయారని మావాళ్లు బెంబేలెత్తుతారు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఏ కంపార్టుమెంటులో ఉన్నామో తెలుస్తుంది, గేటు ఎప్పుడు తీస్తారో తెలియదు. ఇదీ అంతే. చెన్నై దగ్గరే కదా అని మెమో రాకముందే బస్సెక్కితే, ఆ ఊరి ఎండ చూసి రావడమే మిగులుతుంది.

కాబట్టి చీటీ గారూ, 'యాక్సెసరీస్' లాంటి ముసుగులు మానండి. 'ఆడవాళ్ల నూలు చొక్కా, 2' అని రాయించుకోండి. హెచ్ఎస్ కోడు (సరుకు ఏ రకమో చెప్పే అంకె), తయారైన దేశం, ఏ కరెన్సీయో ఖాళీగా వదలొద్దు. ఇన్‌వాయిస్ నకలు ప్యాకెట్ బయట పాలిథిన్ సంచిలో అంటించమని అమ్మినవాడికి చెప్పండి. చిత్తూరు మామిడి తోటలోళ్లు విదేశీ విత్తనాలు తెప్పిస్తే 'తోట అలంకరణ' అనకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం వాటికి దిగుమతి పర్మిటు, చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి.

ఇట్లు,
మీ చేతిరాత బాధితులు

తా.క.: నిషిద్ధ వస్తువులేవీ లేవని మీ అడుగున ఒక సంతకం ఉంటుంది. డ్రోను ఆర్డరిచ్చిన తమ్ముళ్ల కోసం ఒక మాట: పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, విడిభాగాలకు అడ్డు లేదు. 'బొమ్మ హెలికాప్టర్' అని మీరెంత వంకరగా రాయించుకున్నా, ఎక్స్‌రేలో నాలుగు మోటార్లు నాలుగుగానే కనబడతాయి.