వీడియో క్లాసు ఉపన్యాసం కోసం కాదు

2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు గత్యంతరం లేక మొదలుపెట్టిన వీడియో క్లాసు, మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కళాశాలల్లో ఇప్పటికీ ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. సిలబస్ మిగిలిపోయినా, వానలకు సెలవులు ఇచ్చినా, పరీక్షల ముందు సందేహాలు తీర్చాలన్నా వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టడం మాకు అలవాటైపోయింది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం ద్వారా చదివే వీలును విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల్లోనే కల్పించింది. కాబట్టి ఆన్‌లైన్ బోధనను తాత్కాలిక సర్దుబాటుగా చూసే కాలం పోయింది. అయినా బోర్డు ముందు గంటసేపు చెప్పే పాఠాన్నే మనం ఫోను ముందు కూర్చొని అదే గంటసేపు చెబుతున్నాం. డిగ్రీ విద్యార్థులకు రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా నేనూ రెండేళ్లు ఆ పనే చేశాను. అందరూ ఒకే వేళకు కూడితే తప్ప జరగని పనికే వీడియో క్లాసును వాడాలని, ఎవరికి వారు కూర్చొని వినగలిగినదంతా ముందే పంపెయ్యాలని ఆ అనుభవం మీదే చెబుతున్నాను.

ముందుగా డేటా సంగతి చూద్దాం, ఎందుకంటే దేవరకొండ తండాల్లోనో నల్లమల అంచున అమ్రాబాద్ వైపో ఉండే విద్యార్థికి క్లాసు అందుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. గ్రూపు కాల్‌లో మంచి నాణ్యత గల వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు, మాటకు 60 నుంచి 80, స్క్రీన్ షేర్‌కు 50 నుంచి 75 కావాలని జూమ్ సంస్థ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ లెక్కన గంట వీడియోకు దాదాపు 270 ఎంబీ ఖర్చవుతుంది, అదే మాటా స్లైడూ మాత్రమే అయితే 70 ఎంబీ దాటదు. రోజుకు నాలుగు క్లాసులు వీడియోతో వింటే 1 జీబీ పైగా అయిపోతుంది, పైగా చాలా ఇళ్లలో ఆ ఫోను మీద తమ్ముడి చదువు కూడా ఆధారపడి ఉంటుంది. అందుకే అందరూ కెమెరాలు ఆన్ చేయాలని పట్టుబట్టడం నాకు సమ్మతం కాదు. అధ్యాపకుడు మొదటి రెండు నిమిషాలు ముఖం చూపించి పలకరించి, ఆ తర్వాత తన కెమెరా కూడా ఆపేసి స్లైడు మీదకు వెళ్తే సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో కూర్చున్న పిల్లవాడు కూడా చివరిదాకా నిలబడతాడు.

పాఠాన్ని ముందే పంపాలంటే గంట రికార్డింగు పంపమని కాదు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, విద్యార్థులు శ్రద్ధగా చూసేది ఆరు నిమిషాల లోపు వీడియోలనేనని తేలింది. నేను ఒక పాఠాన్ని మూడు ముక్కలు చేసి ముందు రోజు సాయంత్రం గ్రూపులో పెడతాను.

ఇక మిగిలిన క్లాసు సమయంలో ఏం చేయాలన్నదే అసలు విషయం. నీటి శుద్ధి పాఠంలో ఫ్లోరైడ్ తొలగించడానికి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన నల్లగొండ పద్ధతి వస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే ఆ పద్ధతికి మన ఊరి పేరు ఎందుకు వచ్చిందో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఎరిగిన మర్రిగూడ, మునుగోడు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. ఒకసారి ఈ పాఠానికి అందరినీ ఇంట్లో తాగే నీళ్లలో చిటికెడు మన్ను కలిపి రెండు గ్లాసులు, కిరాణా దుకాణంలో దొరికే పటిక ముక్క ఒకటి దగ్గర పెట్టుకోమన్నాను. క్లాసు మొదట్లో ఒక గ్లాసులో పటిక తిప్పి రెండింటినీ కదలకుండా ఉంచమన్నాను. నేను ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, నా గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టి చూపించాను. పావుగంటకు బోరు నీళ్ల గ్లాసుల్లో దూదిపింజల్లాంటి మడ్డి కట్టి కిందికి దిగింది. చండూరు దగ్గర ఊరి నుంచి చేరిన ఒక అమ్మాయి మాత్రం తన గ్లాసు సరిగా తేరలేదని చాట్‌లో రాసింది. ఏ నీళ్లమ్మా అని అడిగితే ఫిల్టరు క్యాను నీళ్లు సార్ అంది. ఆ నీళ్లలో క్షారత్వం (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) దాదాపు లేకపోవడం వల్ల పటిక నుంచి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే ఆ మడ్డి సరిగా ఏర్పడదని, ఆ లోటు తీర్చడానికే పద్ధతిలో సున్నం ఉందని అరగంట చర్చలో విద్యార్థులే రాబట్టారు. ఫ్లోరైడ్‌ను పట్టుకొని కిందికి దించేది ఆ మడ్డేనని నేను కలిపాను. ప్రయోగశాలలో అందరికీ ఒకే కుళాయి నీళ్లు కనుక ఈ ప్రశ్న అక్కడ పుట్టేది కాదు. విద్యార్థులు ఎవరి ఇంట్లో వారు ఉండటాన్ని మనం ఇన్నాళ్లూ లోపంగానే చూశాం. భూగోళం చెప్పేవారికి ఊరి చెరువు, వాణిజ్యం చెప్పేవారికి పత్తి అమ్మిన రసీదు, గణాంకాలు చెప్పేవారికి కరెంటు బిల్లు ఇలాగే పనికొస్తాయి.

ప్రశ్న అడిగాక వచ్చే నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడం మరో పని. అధ్యాపకులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే పరిశోధించి చెప్పారు. అది ఎదురెదురుగా కూర్చున్న తరగతి మాట. వీడియోలో మాట ఆలస్యంగా చేరుతుంది. ఇంట్లో టీవీ చప్పుడు వినపడకుండా మ్యూట్ తీయాలి, ఇంగ్లీషులో తప్పు పలుకుతానేమోనన్న బెరుకును దాటాలి. పది సెకన్లు ఆగినా ఎక్కువ కాదు. నేను ప్రశ్న వేసి, జవాబును చాట్‌లో రాసి పెట్టుకోమని, చెప్పినప్పుడే పంపమని అంటాను. అందరి జవాబులూ ఒకేసారి రావడం వల్ల ముందు రాసినవాడిని చూసి రాయడం తగ్గుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు మీడియం డిగ్రీలో చేరిన పిల్లలు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా అంగీకరిస్తాను. తరగతి గదిలో మూడేళ్లలో ఒక్కసారి కూడా నోరు విప్పని వారి పేర్లు ఈ చాట్‌లో కనిపించాయి. హాజరు కూడా ఆ జవాబులను బట్టే వేయడం న్యాయం. తెర మీద పేరు ఉన్నంత మాత్రాన మనిషి అక్కడ ఉన్నట్టు కాదు.

ఇదంతా అధ్యాపకుడి ఉత్సాహం మీదే నడవాలంటే ఎక్కువ కాలం సాగదు. ఆరు నిమిషాల వీడియో చేయడానికి నాకు గంటకు తక్కువ పట్టదు. ఈ గంట ఏ టైంటేబుల్‌లోనూ, ఏ పనిభారం లెక్కలోనూ చేరదు. అధిక శాతం భారం మోస్తున్న అతిథి అధ్యాపకులకు చెప్పిన పీరియడ్ల లెక్కన డబ్బు చెల్లించేచోట, పీరియడ్ బయట చేసిన పనికి పైసా రాదు. వారానికి నాలుగు గంటల వీడియో ఉపన్యాసాలు పెట్టే బదులు 40 నిమిషాల క్లాసులు రెండే పెట్టి, మిగిలిన సమయాన్ని తయారీ కింద లెక్కగట్టేందుకు విశ్వవిద్యాలయాలు, కళాశాల విద్యా శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, దీనికి కొత్త నిధులు అక్కరలేదు.