మట్టిలో గుప్పెడు సున్నం, డబ్బా వాటర్‌ప్రూఫింగ్: ఈ సలహా నమ్మి గోడలు పాడుచేసుకోకండి

మట్టి ఇల్లు కట్టుకునేవాళ్లకి "గోడల మట్టి మిశ్రమంలో గుప్పెడు సున్నం, కాస్త వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ కలిపేయండి, ఇక ఎంత వానైనా ఏం కాదు, చూరు కూడా అక్కర్లేదు" అని తెగ షేర్ చేస్తున్నారు. మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారని తెలుసు, కానీ ఇందులో ఒక్క ముక్క కూడా నిలబడదు.

ముందు ఆ గుప్పెడు సున్నం సంగతి. మట్టిని పట్టి ఉంచేది అందులో ఉన్న బంక. కొంచెం సున్నం పడగానే బంక రేణువులు ఉండలు కట్టి జిగట తగ్గిపోతుంది, పోనీ సున్నమైనా గట్టిగా పట్టుకుంటుందా అంటే అంత తక్కువ సున్నం దానికి చాలదు, అంటే ఉన్న బలం పోయింది, కొత్తది రాలేదు. నేను అరచేతి సైజు బిళ్లలు చేసి చూశాను, ఒకటి ఉత్త బంకమట్టి ఇసుకతో, ఇంకోటి అదే మిశ్రమంలో నూటికి రెండు పాళ్లు సున్నం వేసి. బాగా ఎండాక బొటనవేలితో గట్టిగా రుద్దితే మొదటిది నున్నబడింది, రెండోదాని అంచు పొడిపొడిగా రాలి వేలికి అంటుకుంది. నిజంగా సున్నంతో గట్టిపడాలంటే మామూలుగా 5 నుంచి 10 శాతం కావాలి, మట్టిలో బంక బాగా ఉండాలి, వారాల తరబడి తడి ఆరనివ్వకూడదు. ఇసుక ఎక్కువున్న మట్టికి ఇది సరిపడదు. అన్నట్టు సున్నం ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్లకి రక్షణ అద్దాలు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఆ సలహాలో ఈ మాటే లేదు!

ఇక లిక్విడ్. గోడలోకి తడి వాన నుంచే రాదు కదా, నేల నుంచి ఎక్కుతుంది, ఇంట్లో ఆవిరి నుంచి వస్తుంది, చిన్న పగులు చాలు దూరడానికి. లిక్విడ్ కలిపి గోడకి ఊపిరాడకుండా చేస్తే వచ్చిన తడికి బయటికి దారి ఉండదు, లోపల గోడ మెత్తబడుతుంది, పైపొర పెచ్చులూడుతుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో రాంచోస్ డి టావోస్ మట్టి చర్చికి 1967లో సిమెంట్ ప్లాస్టర్ వేశారు, తడి లోపలే ఉండిపోయి మట్టి ఇటుకలు దెబ్బతిన్నాయి, చివరికి అదంతా ఊడగొట్టి మళ్లీ మట్టే మెత్తారు. అది సిమెంట్, ఇది లిక్విడ్ అనొచ్చు, కానీ దారి మూసేస్తే జరిగేది అదే.

"ఇవి లేకపోతే కరిగిపోతుంది" అనేవాళ్లకి: ఆఫ్రికాలోని మాలి దేశంలో జెన్నె మట్టి మసీదు 1907లో కట్టింది, ఏటా మట్టి మెత్తుతూ కాపాడుకుంటున్నారు. యెమెన్‌లో షిబామ్ మట్టి మేడలు చాలావరకు 16వ శతాబ్దం నాటివి, అక్కడా సున్నం ఉంది, కానీ వాన నేరుగా తగిలే పైభాగాల మీద పూతగా.

చూరు అక్కర్లేదా? గోడకి పడే వానలో ఎక్కువ ఆపేది చూరే, కింద చిమ్మే నీళ్లని ఆపేది ఎత్తైన రాతి పునాది, ఈ రెంటి పని ఏ డబ్బా చేయదు.

అవిసె నూనె లాంటివి మట్టి నేలకి బాగా పనికొస్తాయి, నేనూ కాదనను. గోడకి సున్నం కావాలంటే బయట గారగా వేయండి, ముందు మట్టి పైభాగం గరుకు చేసి, తడిపి, పల్చటి పొరలుగా, ఎండ తగలకుండా గోనె కప్పి. మొదట ఒక మూల రెండు అడుగులు వేసి ఒక వానాకాలం గడిచాక చూడండి.