పదిహేను డబ్బాల బిల్లు

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక షావుకారు గారికి శ్రీకాకుళంలోని మా చిన్న కార్యాలయం బిల్లుల ప్రోగ్రాం రాసి ఇచ్చింది. ఒకనాటి ఉదయం ఆయన ఫోన్ చేసి, "డబ్ల్యూ 320 రకం పన్నెండు డబ్బాలు ఎక్కించినాం, మరో మూడు కలిపినాం. నూట ఇరవై మూడని బిల్లొచ్చింది. ఇదేటి లెక్క బాబూ?" అని అడిగారు.

టైప్‌స్క్రిప్టులో రాసిన ఆ ప్రోగ్రాం (ఏది సంఖ్యో, ఏది అక్షరాలో ముందే చెప్పి రాసే భాష అది) బ్రౌజరుకు అర్థమయ్యే జావాస్క్రిప్టుగా మారి, పేర్లన్నీ కుదించుకుపోయి, బ్రౌజరుకు చేరేసరికి ఒకే ఒక్క పొడవాటి వరుసగా మిగులుతుంది. డబ్బాల సంఖ్య అందులో 'టి' అయింది, ధర 'ఇ' అయింది, సాక్షాత్తూ షావుకారు గారు 'ఎన్' అయ్యారు. ఆ ముద్దలో తప్పు వెతకడం మానవమాత్రుల వల్ల కాదు కనుకనే సోర్స్ మ్యాప్ పుట్టింది. కుదించిన ఫైలులోని ఫలానా అక్షరం అసలు కోడులో ఏ వరుసలోదో అది చెబుతుంది, బ్రౌజరు దాని ప్రకారం మనం రాసిన కోడునే మన ముందు పెడుతుంది. 2011 నాటి దాని మూడో కూర్పు ఆధారంగానే 2024లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ నుంచి ఎక్మా-426 ప్రమాణం వచ్చింది.

మా కుర్రవాడు కూడిక జరిగే వరుస మీద, ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగేలా చేసే బ్రేక్‌పాయింటు పెట్టాడు. ప్రోగ్రాం ఆగింది, కానీ బిల్లు అడుగున 'ధన్యవాదములు, మళ్ళీ రండి' అని అచ్చువేసే చోట ఆగింది. ఒక్క అడుగు ముందుకు నడిపిస్తే, అతడే ఎప్పుడో రాసుకున్న 'ఇక్కడ తప్పు ఉండే అవకాశం లేదు' అన్న వ్యాఖ్య మీదికి వెళ్ళి కూర్చుంది. "చూశారా సార్, కంప్యూటరు కూడా అదే అంటంది" అన్నాడు అతడు, ఎంతో తృప్తిగా.

సంగతేమిటంటే, కొత్త టైప్‌స్క్రిప్టూ కొత్త జావాస్క్రిప్టూ సర్వరుకు ఎక్కాయి గానీ, మ్యాపు పాతదే ఉండిపోయింది. అంతా ఒకే వరుస కనుక మొదట్లో నలభై అక్షరాలు చేరితే ఆ తరువాతి కోడంతా నలభై అక్షరాలు పక్కకు జరుగుతుంది. పాత మ్యాపు మాత్రం, ఏడు రోడ్ల కూడలిలో ఎప్పుడో ఎత్తేసిన కొట్టును గుర్తుగా చెప్పి దారి చూపించే పెద్దాయనలా, ఏమాత్రం తడబడకుండా తప్పుడు చోటు చెబుతూనే ఉంటుంది. నువ్వు ఈ ఫైలు మ్యాపువేనా అని బ్రౌజరూ దాన్ని అడగదు. ఇంతకంటే మ్యాపే లేకపోవడం నయమని నా అభిప్రాయం.

కొత్త మ్యాపు ఎక్కించాక బ్రేక్‌పాయింటు బుద్ధిగా కూడిక దగ్గరే ఆగింది. డబ్బాల సంఖ్య పేరు మీద మౌస్ ఉంచితే 12 కొటేషన్ గుర్తుల మధ్య కనిపించింది, అంటే అది సంఖ్య కాదు, అక్షరాలు. గడిలో నింపినదాన్ని బ్రౌజరు అక్షరాలుగానే అందిస్తుంది. అది సంఖ్యేనని కోడులో టైప్‌స్క్రిప్టుకు ఇచ్చిన హామీ కాస్తా జావాస్క్రిప్టుగా మారగానే చెరిగిపోతుంది కనుక, 12 పక్కన 3 అతుక్కుని 123 అయింది. సంఖ్యగా మార్చే ఒక్క మాట చేర్చగానే పదిహేను వచ్చింది.

షావుకారు గారికి ఫోన్ చేసి ఆ శుభవార్త చెప్పాం. "బాగుంది బాబూ. కానీ పొద్దున్న ఆ నూట ఇరవై మూడు చూసి మావోడు పెద్ద లారీ మాట్లాడీసినాడు. అదొచ్చి గోడౌను ముందు నిలబడి ఉంది. దాన్నేటి చెయ్యమంటారు?" అన్నారు ఆయన.