చెక్ ఇంజిన్ లైటు గారికి బహిరంగ లేఖ

డ్యాష్‌బోర్డు మీద పసుపురంగులో కొలువైన చెక్ ఇంజిన్ లైటు గారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ ఇంజిన్ క్షేమమో కాదో చెప్పాల్సినవారు మీరే. కానీ చెప్పరు. వెలుగుతారు, అంతే.

పెట్రోల్ ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా మీరే వెలుగుతారు, పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ పాడైనా మీరే. ఆ రెండిటి మధ్య ఉన్న వందల లోపాలకూ అదే బొమ్మ, అదే రంగు. మూత బిగిస్తే పోయేదానికి మేం నిద్ర మానుకోవాలా, కన్వర్టర్ పోతుంటే మూతే కదా అని తిరగాలా?

మీ పేరు చూసి ఇంజిన్ బాగోగులన్నీ మీరే చూసుకుంటారని చాలామంది భ్రమ. మీ అసలు ఉద్యోగం పొగ మీద నిఘా. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లలో మిమ్మల్ని వెలిగించే ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ వ్యవస్థను తప్పనిసరి చేసింది కాలుష్యం అదుపు కోసమే గానీ మా మనశ్శాంతి కోసం కాదు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఎర్రగా వెలిగేది మీ పక్కనున్న నూనెడబ్బా బొమ్మ. ఆయన వెలిగితే బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఒక్కటే మాట, సూటిగా. ఆయన్ని చూసైనా నేర్చుకోకూడదూ?

పోనీ మీకు సంగతి తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్‌లో స్కానర్ గుచ్చిన మెకానిక్‌కు ఠక్కున నంబరు చెప్పేస్తారు. ఉదాహరణకు పి0171. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దానర్థం. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పితే సైలెన్సర్ దారిలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సార్ పసిగట్టి కంప్యూటర్ చెవిన వేస్తుంది. కంప్యూటర్ పెట్రోల్ పెంచి పెంచి, ఇక తన వల్ల కాదనుకున్నాక మిమ్మల్ని వెలిగిస్తుంది. ఇంతకీ తప్పెవరిది? ఏదో గొట్టం పగిలి దొంగగాలి పీలుస్తుండొచ్చు. గాలిని కొలిచే సెన్సార్‌కు మురికి పట్టి ఉండొచ్చు. పెట్రోల్ పంపు నీరసించి ఉండొచ్చు. మీ నంబరులో అవేవీ ఉండవు. దాంతో ఉన్నమాట చెప్పిన పాపానికి ఆక్సిజన్ సెన్సార్‌నే ఊడబీకి కొత్తది బిగిస్తారు. నాలుగు రోజులు తిరక్కుండానే మీరు మళ్ళీ ప్రత్యక్షం.

మీరు నోరు విప్పే సందర్భం ఒకటుంది. మిణుకుమిణుకుమన్నారంటే గట్టి మిస్‌ఫైరే, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోవడం లేదన్నమాట. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద, అంటే నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు, ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు పెట్రోల్ అంటుకోవాలి. అంటుకోనిదంతా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కరిగించేయగలదు. వెలగడానికీ మిణుకుమనడానికీ ఇంత తేడా ఉందని మాకెవరు చెప్పారు గనక?

అందుకే కొందరు మీ మీద టేపు అంటిస్తారు. కొందరు బ్యాటరీ వైరు పీకి పెడతారు. మీరు ఆరిపోతారు, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బండి అమ్ముకునేవాళ్ళలో మరీ తెలివైనవాళ్ళు మీ బల్బుకే ఎసరు పెడతారు. పాత కారు కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి: తాళం తిప్పాక, ఇంజిన్ స్టార్ట్ కాకముందు మీరు ఓసారి వెలిగి తీరాలి. అప్పుడు కూడా వెలగలేదంటే మీ నోరు ఎవరో నొక్కేశారన్నమాట.

ఇట్లు,
స్టీరింగు చేతిలో ఉన్నా సంగతి తెలియని డ్రైవరు