సాక్ష్యం లేని పరుగు చెల్లదు

పరుగెత్తడానికి రెండు కాళ్లుంటే చాలన్న అపోహ జనంలో ఇంకా పోలేదు. బాధ్యత గల రన్నర్‌గా దీన్ని ఖండించక తప్పదు. కాళ్లు కదలగలవు, అంతే. కదిలామని రుజువు చెయ్యడం వాటి వల్ల కాదు.

నా పరుగుకి సాక్షులు ఆకాశంలో ఉన్నారు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ నా వాచీకి అందితే తప్ప నేనెక్కడున్నానో తేలదు. తేలేదాకా గేటు బయట చెయ్యి పైకెత్తి నిలబడతాను. ఎదురింటాయన మొదట్లో తనకే టాటా చెబుతున్నాననుకుని తనూ చెయ్యి ఊపేవాడు. ఇప్పుడు తలుపేసుకుంటున్నాడు.

ఈ సాక్షులు ఒక్కోసారి మాట మారుస్తారు. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకి కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది. మ్యాపు చూస్తే నేను రెండు భవనాల్లోంచి దూరి వెళ్లినట్టు ఉంటుంది. దూరం పెరిగింది కాబట్టి నేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. తగ్గినప్పుడే గొడవ. ఇంటికొచ్చేసరికి వాచీలో 9.97 కిలోమీటర్లు ఉంటే నేరుగా లోపలికెళ్లిన రన్నర్‌ని నేనింతవరకూ చూడలేదు. మిగిలిన 30 మీటర్ల కోసం గేటు ముందే గుండ్రంగా తిరుగుతాం. వీధి కుక్క మొరగడం మానేసి చాలా కాలమైంది, జాలిగా చూస్తుంది.

మారథాన్ దారిని కొలిచేది సైకిల్‌తో. దూరం తగ్గకుండా కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలిపి మరీ కొలుస్తారు. మేం జనాన్ని తప్పించుకుంటూ, మలుపుల్లో అడ్డదిడ్డంగా వెళ్తాం కాబట్టి 42.195 కిలోమీటర్లు కాస్తా వాచీలో 42.7 అవుతుంది. అయినా ఫినిష్ లైన్ దాటగానే మేం తప్పుబట్టేది ఆ సైకిల్‌నే.

ఇక గుండె సంగతి. వాచీ అడుగున ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం గమనించి నాడి లెక్కపెడుతుందట. ఒక రోజు తాపీగా పరుగెడుతుంటే నిమిషానికి 178 చూపించింది. గుండె గరిష్ఠంగా ఎంత కొట్టుకోగలదో చెప్పడానికి 220 లోంచి వయసు తీసేసే పాత లెక్క ప్రకారం నేనప్పటికే పోయి ఉండాలి. టెన్షన్‌తో ఆగిపోయాను. ఆగగానే అదీ పడిపోయింది. తర్వాత తెలిసింది, వాచీ లెక్కపెట్టింది నా అడుగుల్నట. పట్టీ వదులైతే అలా జరుగుతుందట. నా కాళ్లనే నా గుండె అనుకుందన్నమాట. ఇంత బాగా నన్ను అర్థం చేసుకున్నవాళ్లు ఇంట్లో కూడా లేరు.

ఇంట్లో అసలు పేచీ బూట్ల దగ్గర. రోడ్డు పరుగు షూ సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, సోల్ లోపల గట్టి ప్లేటు ఒకటికి మించి ఉండకూడదని పరుగు పోటీల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2020లో నియమం పెట్టింది. నేను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఒలింపిక్స్ నుంచి పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? నాలుగో జత కొన్న రోజున మా ఆవిడ అబెబె బికిలాని తీసుకొచ్చింది. ఆ ఇథియోపియా వీరుడు 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని ఉత్త పాదాలతో 2:15:16లో గెలిచాడు. "ఆయనకి ఎన్ని జతలున్నాయి?" అంది.

నేను తొణకలేదు. అదే బికిలా 1964లో టోక్యోలో షూ వేసుకుని 2:12:11లో గెలిచాడని చెప్పాను. తేడా మూడు నిమిషాల అయిదు సెకన్లు. షూ మహిమ కాకపోతే మరేమిటి?

మా ఆవిడ ఫోన్లో ఏదో చదివి తలెత్తింది. "టోక్యోకి కొన్ని వారాల ముందే ఆయనకి అపెండిక్స్ తీసేశారట. అయితే మీరూ అది తీయించుకోండి."

ఆ జత ప్రస్తుతం అటక మీద ఉంది.

మొన్న పది కిలోమీటర్లకని బయల్దేరాను. 6.4 దగ్గర వాచీలో చార్జింగ్ అయిపోయింది. రాత్రంతా నా నిద్రకి మార్కులు వేస్తూ కూర్చుంటే అవదా మరి. నడిరోడ్డు మీద కాసేపు అలాగే నిలబడ్డాను. ఇల్లు ఇంకా 3.6 కిలోమీటర్లు. సాక్షులు లేరు, నాడి లేదు, వేగం తెలియదు. ఎండ ముదురుతోంది. చివరికి పరుగెత్తే వచ్చాను, ఎవరికీ చెప్పకండి.

"ఎంతయింది ఇవాళ?" అంది మా ఆవిడ.

"6.4."

"మరి మిగతా దూరం ఎలా వచ్చారు?"

"దానికి ఆధారాలు లేవు."